కథలోని వస్తువు, తరగతిలోని పాఠము

కథ చెప్పి బుద్ధి గరపుట భారతదేశమున ప్రాచీనమైన బోధనా పద్ధతి. మహిలారోప్య నగరమును పాలించు అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులు. ముగ్గురును చదువునందు మందబుద్ధులే. ఆరు మాసములలో వారిని నీతికోవిదులను జేసెదనని విష్ణుశర్మ యను వృద్ధ పండితుడు ప్రతిజ్ఞ పట్టి, శాస్త్రగ్రంథములను ప్రక్కనుంచి కథలు చెప్ప నారంభించెను. పంచతంత్రమునకు ఇది ఉపోద్ఘాతము. ఆ కథలు ఆరవ శతాబ్దమున పారసీక ప్రభువైన ఖుస్రో అనూషిర్వాన్ కాలమున పహ్లవీ భాషలోనికి పోయినవి. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్న్ అల్ ముకఫ్ఫా వానిని 'కలీలా వ దిమ్నా' అను పేర అరబ్బీలోనికి దెచ్చెను. అటనుండి అవి ఐరోపా భాషలకు ప్రాకినవి. తెలుగున పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన 'నీతిచంద్రిక' మిత్రలాభ మిత్రభేదములను వచనమున నందించి, అనేక తరముల విద్యార్థులకు కథతోపాటు భాషను గూడ నేర్పినది.

ఈ కథలలో అర్థము దాగియుండదు. ఏ జంతువు ఏ స్వభావమునకు గురుతో వినువానికి ముందే తెలియును. కథ ముగియుటకు ముందో వెనుకనో నీతివాక్యము ఉండనే యుండును. శిష్యుడు స్వయముగా ఊహింపవలసినది స్వల్పము. రాజకుమారులకు గావలసినది కార్యజ్ఞానము గనుక ఆ పద్ధతి వారికి చక్కగా సరిపోయెను. అయితే ఆ పద్ధతివలన 'ఈ కథవలన తెలియు నీతి యేమి?' అను ప్రశ్న మన బడులలో స్థిరనివాస మేర్పరచుకొన్నది. ఇరువదవ శతాబ్దమున ఆధునిక కథానిక తరగతిలో నడుగిడినప్పుడు ఆ ప్రశ్నయే దానికి ఎదురేగెను.

ఆధునిక కథానిక తీరు వేరు. పటకారు, తలుపు, ముళ్ళతీగ వంటి సామాన్య వస్తువులచేతనే అది పెద్ద భావములను పలికించును. ఒక వస్తువు కథలో తన పని తాను చేయుచునే మరియొక భావమును స్ఫురింపజేసినచో దానిని ప్రతీక యందురు. కథ యంతయు చదివిన పిమ్మట జీవితమును గూర్చి చదువరి మనస్సున నిలుచు భావమును మూలభావ మందురు. ఈ రెండింటిని పిల్లలకు ఎట్లు చెప్పవలెను? ఈ ప్రశ్నకు సాహిత్య చరిత్రలో కొన్ని సమాధానములు కలవు. వానిని వరుసగా పరిశీలించినచో నేటి తరగతికిని, నేటి గృహమునకును పనికివచ్చు మార్గము కొంత గోచరించును.

దీపము, వెలుతురు

చెప్పిన మాటకు మించిన అర్థము కావ్యమున ఎట్లు స్ఫురించునను విచారము తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీర దేశమున గొప్ప స్థాయి నందుకొన్నది. అవంతివర్మ కాలమునాటి ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకము' రచించి, ధ్వనియే కావ్యమునకు ఆత్మయని ప్రతిపాదించెను. ఆయన చూపిన ఉదాహరణములలో ఒకటి కాళిదాసు కుమారసంభవములోనిది. సప్తర్షుల పక్షమున అంగిరసుడు హిమవంతునితో పార్వతీ వివాహమును గూర్చి ముచ్చటించుచుండును. తండ్రి ప్రక్కనున్న పార్వతి తలవంచుకొని, చేతిలోని తామరపూవు రేకులను లెక్కించుచుండును. ఆమె సిగ్గుపడెనని గాని సంతోషించెనని గాని కవి అచ్చట చెప్పలేదు. రేకులు లెక్కించుట యను ఆ చిన్న పని వలననే సహృదయునకు సర్వమును తెలియుచున్నది.

స్ఫురించు అర్థము అంత గొప్పదైనచో, మొదటి అర్థమును త్వరగా దాటిపోవచ్చునా? కూడదని ఆనందవర్ధనుని అభిప్రాయము. ఇందుకు ఆయన దీపమును దృష్టాంతముగా దెచ్చెను. వెలుతురు గావలసినవాడు దీపమును జాగ్రత్తగా చూచుకొనవలెను గదా! అట్లే ధ్వనిని గోరువాడు వాచ్యార్థమును శ్రద్ధతో గ్రహింపవలెను. పార్వతి చేతిలో నిజముగా తామరపూవు ఉన్నది. ఆమె వ్రేళ్ళు నిజముగా రేకులను తడవుచున్నవి. ఆ దృశ్యమును మనస్సున చూడని విద్యార్థికి ఆమె సిగ్గు కనబడదు. 'తామర యనగా లజ్జ' యని పట్టిక వ్రాసికొన్నవానిని మరియొక కావ్యములోని తామర తప్పుదారి పట్టించును.

ధ్వని సిద్ధాంతము కావ్యమును గూర్చి పుట్టినది. కథానిక ఆనాటికి లేదు. అయినను దీపమును గూర్చిన ఆ మాట కథానిక బోధనకు నేడును చక్కగా వర్తించును.

నీతి తొలగిన కథ

పందొమ్మిదవ శతాబ్దమున పత్రికలు వృద్ధిచెంది, ఒక్క బిగిని చదువదగిన కథకు ఆదరణ కల్పించినవి. అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో 1842లో హాథోర్న్ కథలను సమీక్షించుచు, అరగంట మొదలు రెండు గంటలలోపల చదువదగిన కథ యొక్క ప్రతి వాక్యమును ఒకే ముద్రను కలిగించుటకై పాటుపడవలెనని వాదించెను. అంత కొద్ది చోటున రచయిత పాఠకునకు ఉపదేశము చేయుచు కూర్చుండుటకు వీలు లేదు. అందుచే కథ చివరనుండు నీతివాక్యము క్రమముగా తొలగిపోయినది. ఆ భారము కథలోని వస్తువులపై బడెను.

ఫ్రెంచి రచయిత మొపాసా 1884లో ప్రకటించిన 'కంఠహారము' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఒక చిన్న గుమాస్తా భార్య విందునకై స్నేహితురాలి వద్ద రవ్వలహారము ఎరువు దెచ్చి పోగొట్టుకొనును. దానిని బోలిన హారమును ముప్పదియారు వేల ఫ్రాంకులకు కొని ఇచ్చి, ఆ అప్పు తీర్చుటకై భార్యాభర్త లిరువురును పదేండ్లు చాకిరి చేయుదురు. పోయినది ఐదువందల ఫ్రాంకులకు మించని నకిలీ హారమని కథ చివర తెలియును. డాంబికమును గూర్చి రచయిత ఒక్క మాటయు అనలేదు. హారమే ఆ పని చేసినది.

రవీంద్రనాథ ఠాకూరు 1892లో ప్రకటించిన 'కాబూలీవాలా'లో ఇట్టి వస్తువు మరింత పేదది. కలకత్తా వీధులలో ఎండుపండ్లు అమ్ముకొను రహమత్ చొక్కాలోపల ఒక మాసిన కాగితమున్నది. అందు చిత్రము లేదు. మసి పూసి ఒత్తిన ఒక చిన్నచేతి గురుతు మాత్రమున్నది. అది దూరదేశమునందున్న అతని కూతురి చేయి. దానిని చూచిన గృహస్థునకు, తానును రహమత్తును ఇరువురు తండ్రులేనని బోధపడును. అంతట కూతురి పెండ్లి దీపాలంకరణమును, బ్యాండుమేళమును మానుకొని ఆ సొమ్మును రహమత్తునకు ఇచ్చును. కుల మత దేశ భేదములను గూర్చిన ఉపన్యాసము ఆ కథలో లేదు. ఉన్నయెడల ఆ కాగితమునకు అంతటి శక్తి యుండెడిది కాదు.

ఒక గంట పాఠము

ఇట్టి కథలు తరగతిలో ప్రధాన పాఠ్యవస్తువు లగుటకు కారణము సాహిత్య ప్రీతి మాత్రమే కాదు. అందు సౌకర్యము కూడ కలదు. నవలకు వారములు గావలెను. కథానిక ఒక గంటలో ముగియును. అమెరికాలో క్లీన్త్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ అను ఇరువురు ఆచార్యులు 1938లో కవిత్వమును గూర్చియు, 1943లో కథలను గూర్చియు పాఠ్యగ్రంథములు వెలువరించిరి. రచయిత జీవితచరిత్రను, కాలపరిస్థితులను బట్టీ పట్టుటకు బదులు, ఎదుటనున్న రచననే నిశితముగా చదువవలెనని వారి బోధ. 1944లో చేసిన శాసనమువలన యుద్ధము నుండి తిరిగివచ్చిన లక్షలాది సైనికులు కళాశాలలలో ప్రవేశించిరి. పూర్వ సాహిత్య పరిచయము లేని అంత మందికి, ఒకే కథను అందరి ముందుంచి చర్చించు ఈ పద్ధతి ఎంతయు అనుకూలించినది. కథనము, పాత్ర, ప్రతీక, మూలభావము అను విభాగములు ఆ కాలముననే తరగతులలో బాగుగా పాదుకొన్నవి.

ఈ పద్ధతి చేసిన మేలు చిన్నది కాదు. పండితుని అభిప్రాయమును వల్లించుటకు బదులు విద్యార్థి తన కన్నులతో తాను కథను చదువ నేర్చెను. కాలము గడచిన కొలది పద్ధతి యాంత్రికమయ్యెను. ప్రతి కథలోను ప్రతీకలను వెదకి పట్టుకొనుటయే పాఠ మయ్యెను. దీనిపై రచయితలే ఫిర్యాదు చేయవలసి వచ్చినది. మేరీ మెకార్తీ తన జీవితమున జరిగిన యొక సంఘటనను వ్రాయగా, అందొక సైనికాధికారి భోజనశాలలో తెప్పించుకొన్న వంటకమునకు పాఠకులు గూఢార్థములు కల్పించిరి. నిజముగా అతడు తిన్నది అదియే గనుక అట్లు వ్రాసితినని ఆమె 1954లో ఒక వ్యాసమున వివరింపవలసివచ్చెను. ఒక విద్యార్థిని కథ వ్రాయగా, ఇక ఇందులో ప్రతీకలను చేర్చుటయే తరువాయి యని ఉపాధ్యాయుడు పలికిన వృత్తాంతమును గూడ ఆమె ఆ సందర్భమున ఉదాహరించెను. భోజనమునకు ఉప్పు చేర్చినట్లు కథకు ప్రతీకలను చేర్చవచ్చునను భ్రమ అప్పటికే ఎంతగా వ్యాపించినదో దీనివలన తెలియును.

1963లో పదునారేండ్ల బాలుడైన బ్రూస్ మెకాలిస్టర్ ఈ వేటతో విసిగి, నాలుగు ప్రశ్నలు వ్రాసి నూటయేబదిమంది రచయితలకు పంపెను. మీ రచనలలో ప్రతీకలను బుద్ధిపూర్వకముగా పెట్టుచున్నారా యనుట అందలి ముఖ్య ప్రశ్న. సుమారు డెబ్బదియైదుగురు బదులు వ్రాసిరి. వారిలో ఏకాభిప్రాయము లేదు. కథ నడచుచుండగా ప్రతీకలు తమంతట తామే ఏర్పడునని కొందరు చెప్పిరి. బాలుని సందేహము న్యాయమైనదే. కాని రచయిత ముందుగా తలపోయలేదు గనుక కథలో ప్రతీకయే లేదనుటయు సరికాదు. విత్తనము నాటినవాడు ఎరుగకున్నను చెట్టు నీడ నిచ్చుచునే యుండును.

ఈ చిక్కును సులువుగా విడదీసిన రచయిత్రి ఫ్లానరీ ఓ'కానర్. ఆమె 1955లో ప్రకటించిన ఒక కథలో గొప్ప చదువు చదివిన యువతికి కొయ్యకాలు ఉన్నది. బైబిళ్ళు అమ్ముచు వచ్చిన యొకడు దానిని దొంగిలించుకొని పోవును. ఆ కొయ్యకాలు మొదట కొయ్యకాలుగానే కథకు అవసరమనియు, కథ నడచిన కొలది అర్థములను కూడబెట్టుకొన్నదనియు ఆమె వివరించినది. ఆనందవర్ధనుని దీపమును ఆమె ఎరిగియుండెనో లేదో గాని, మాట మాత్రము అదియే.

హమీద్ కొన్న పటకారు

భారతదేశమున 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడిన పిమ్మట చదువు పరీక్ష చుట్టును తిరుగ నారంభించెను. పరీక్షలో మార్కులు వేయుటకు అనుకూలమైన సమాధానము కావలెను. అందుచే పాత నీతివాక్యమును, క్రొత్త ప్రతీకయు కలిసి ఒకే మూసలో బడినవి. 'పటకారు దేనికి ప్రతీక?' అను ప్రశ్నకు 'త్యాగమునకు' అను ఒక్క మాట సమాధానమై, విద్యార్థి కథను చదువకయే మార్కులు తెచ్చుకొను స్థితి ఏర్పడెను. ఆ నష్ట మెంతటిదో ప్రేంచంద్ రచించిన 'ఈద్గాహ్' కథను నిదానముగా చదివినచో తెలియును. జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పదునొకండవ తరగతి హిందీ వాచకములో గూడ ఆ కథకు స్థానము లభించినది.

హమీద్ నాలుగైదేండ్ల అనాథ బాలుడు. అవ్వ అమీనా తప్ప వానికి దిక్కు లేదు. పండుగనాడు వాని చేతిలో నున్నవి మూడు పైసలు. తోడి పిల్లలు మట్టితో చేసిన సిపాయిని, నీళ్ళు మోయు భిస్తీని, వకీలును కొందురు; మిఠాయిలు తిందురు. హమీద్ చూచుచు నిలబడును. ఇనుప సామాను దుకాణము కడకు వచ్చినప్పుడు, రొట్టెలు కాల్చునపుడు అవ్వ వ్రేళ్ళు కాలుచున్న సంగతి వానికి జ్ఞప్తికి వచ్చును. బేరమాడి, ఉన్న మూడు పైసలకు పటకారు కొనును.

ఇంతవరకు చెప్పి 'త్యాగము' అని ముగించినచో కథలో సగము పోవును. తరువాతి భాగమున హమీద్ ఆ పటకారును భుజమున నుంచుకొని తుపాకి యనును. అది ఫకీరు చేతి చిమటా యనును. వాయించినచో తాళ మగుననును. వకీలు, సిపాయి బొమ్మలను గలిగిన పిల్లలతో వాదించి గెలుచును. పటకారునకు క్రొత్త అర్థములు కల్పించువాడు ఉపాధ్యాయుడు కాదు, హమీదే. పేదపిల్లవాడు ఆటబొమ్మ లేని లోటును మాటలతో పూడ్చుకొనుచున్నాడు. ఇది త్యాగమూర్తి ప్రవర్తన కాదు; చురుకైన పసివాని ప్రవర్తన. తరువాత మట్టిబొమ్మలు ఒక్కొక్కటిగా విరిగిపోవును.

ఇంటికి వచ్చిన హమీద్‌ను చూచి అవ్వ మొదట సంతోషింపదు. ప్రొద్దెక్కువరకు తినక త్రాగక ఇనుపముక్క తెచ్చితివా యని గుండె బాదుకొనును. కారణము విన్న పిమ్మట ఆమె కోపము కరగి కన్నీరగును. అచ్చట ప్రేంచంద్ ఒక విచిత్రమును గమనించును: పసివాడు పెద్దవాని పాత్ర వహించెను, ముదుసలి చిన్నపిల్ల యయ్యెను. కథ యొక్క మూలభావమునకు దారి ఇచ్చటనే యున్నది. దారిద్ర్యము పసితనమును ముందుగనే పెద్దతనముగా మార్చివేయును. అందు ప్రేమయు కలదు, దుఃఖమును కలదు. 'త్యాగము గొప్పది' యను వాక్యమున ఆ దుఃఖమునకు చోటు లేదు. హమీద్‌ను మెచ్చుకొని ఊరకుండుటయా, అంతటి పసివాడు అట్లు ఆలోచింపవలసిన స్థితి యేల వచ్చెనని అడుగుటయా? విద్యార్థిని ఆ ప్రశ్న వరకు తీసికొని పోయిన పాఠమే పాఠము.

గోపాలరావు తట్టిన తలుపు

తెలుగున ఆధునిక కథానికకు ఆద్యముగా చిరకాలము పేర్కొనబడినది గురజాడ అప్పారావు 'దిద్దుబాటు'. అది 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో వెలువడెను. 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' అంతకు ముందటిదని పరిశోధకులు గుర్తించిరి. చరిత్రలో ముందు వెనుకలు ఎట్లున్నను, వస్తువులచేత భావమును పలికించు శిల్పమునకు 'దిద్దుబాటు' నేటికిని మంచి పాఠము.

రాత్రి ఒంటిగంట వేళ గోపాలరావు ఇంటికి వచ్చి తలుపు తట్టును. అతడు సంస్కరణాభిమాని, అయినను సాని పాట వినుటలో ప్రొద్దు మరచినాడు. మద్రాసు రాజధానిలో 1890 దశకమున భోగముమేళములకు వ్యతిరేకముగా ఉద్యమము సాగిన సంగతి తెలిసినవారికి ఈ సన్నివేశములోని ఎత్తిపొడుపు వెంటనే తోచును. తలుపు తీయువారు లేరు. నెట్టి చూడగా అది గడియ వేసి లేదు. లోపల భార్య కమలిని లేదు; ఆమె వ్రాసిన ఉత్తరము మాత్రమున్నది. అతడు పశ్చాత్తాపపడిన పిమ్మట మంచము క్రిందినుండి నవ్వును, గాజుల చప్పుడును వినవచ్చును.

ఈ తలుపును గూర్చి తరగతిలో చర్చింపవచ్చును. గడియ వేయని తలుపు ముందు నిలిచి, తీయుమని భర్త కేకలు వేయుచున్నాడు. తాను వచ్చునంతవరకు భార్య మేల్కొని యుండి తీయవలసినదే గాని, తాను త్రోసికొని పోవచ్చునను ఊహ అతనికి మొదట పొడమలేదు. తలుపు తలుపుగానే యుండి, ఆ ఇంటి దాంపత్యము ఎట్లు నడచుచున్నదో తెలిపినది. ఉత్తరమును అట్టిదే. స్త్రీ విద్యను ప్రోత్సహించిన భర్తకు ఆ విద్య ఫలము చేతికందెను. కాని 'తలుపు స్త్రీ స్వాతంత్ర్యమునకు ప్రతీక' యని మాత్రము వ్రాసి కాగితమును మడచిన విద్యార్థి మంచము క్రింది నవ్వును వినలేదు. గురజాడ దిద్దిన తీరు ఆ నవ్వులోనే యున్నది. భర్తను ఆమె శిక్షింపలేదు, విడిచిపోలేదు, నవ్వుచు దిద్దినది.

ప్రతీక ఎల్లప్పుడును చేతబట్టదగిన వస్తువు గానక్కరలేదు. పాలగుమ్మి పద్మరాజు కథ 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి నందెను. నియమబద్ధుడైన ఒక పెద్దమనిషి తుపాను రాత్రి ఒక రైలు స్టేషనులో బిచ్చగత్తెతోపాటు చిక్కుకొనును. గాలి చెట్లను, కప్పులను పెకలించినంత నిజముగానే అతని కట్టుబాట్లను గూడ కదలించును. గోదావరి, కృష్ణా మండలములలో తుపాను చూచినవానికి ఆ గాలి ముందు గాలియే, తరువాతనే ప్రతీక.

సాదత్ హసన్ మంటో 'టోబా టేక్ సింగ్'లో ఒక నేలతునకయే ప్రతీక యయ్యెను. దేశవిభజన పిమ్మట ఉభయ ప్రభుత్వములును ఖైదీలను మార్చుకొన్నట్లే పిచ్చాసుపత్రులలోని రోగులను గూడ మతమునుబట్టి మార్చుకొన నిశ్చయించును. పదునైదేండ్లుగా నిలువుకాళ్ళపై నున్న బిషన్ సింగ్ తన ఊరు ఏ దేశమున నున్నదని అందరిని అడుగును. ఎవరును సరిగా చెప్పజాలరు. చివరకు రెండు ముళ్ళకంచెల నడుమ, ఏ దేశమునకును చెందని చోట, కూలిపోవును. ఉత్తరువులు, జాబితాలు, సంతకములు అను మాటలు నిత్యకృత్యమైన ప్రభుత్వోద్యోగులకు ఈ కథ ప్రత్యేకముగా తగులును. కాగితముమీద క్రమముగా నున్న పని మనుష్యుని మీదికి వచ్చుసరికి ఏమగునో ఆ నేలతునక చూపుచున్నది.

ప్రవాసాంధ్ర గృహములలో

కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు చదువు ఒకే ఊరిలో, ఒకే భాషలో సాగుట అరుదు. బదిలీతోపాటు బడి మారును. హిందీ, ఇంగ్లీషు ముందుకు వచ్చి, తెలుగు ఇంటిమాటగా మిగులును. అట్టి పిల్లలు బడిలో ప్రేంచంద్‌ను పరీక్షకై చదువుదురు. గురజాడ పేరు పండుగ సభలలో విందురు. ఇరువురును వారికి దూరస్థులే యగుదురు. భాష మరచిపోవుట ఒక నష్టము. ఏ భాషలోనైనను కథను కథగా చదువు అలవాటు పోవుట అంతకంటె పెద్ద నష్టము.

ఇందుకు ఉపకరణములు లేకపోలేదు. 1954లో ఏర్పడిన సాహిత్య అకాదెమీయు, 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టును భారతీయ భాషల కథలను ఒక భాషనుండి మరియొక భాషకు తెచ్చినవి. ట్రస్టువారి 'ఆదాన్ ప్రదాన్' గ్రంథమాల ఈ యుద్దేశముతోనే వెలసినది. అనువాదమున శైలి కొంత జారిపోవచ్చును. పటకారు మాత్రము జారిపోదు. లక్నోలోను, రాజమహేంద్రవరములోను వంటింటి వేడి ఒక్కటియే.

తల్లిదండ్రులు సాహిత్య పండితులు గానక్కరలేదు. కథను బిగ్గరగా చదివి మూడు ప్రశ్నలు వేసినచో చాలును. ఈ వస్తువు కథలో ఏ పని చేయుచున్నది? ఇది ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఏ సమయమున పోయినది? దీనికి బదులు మరియొక వస్తువు నుంచినచో ఏమి పోవును? హమీద్ పటకారు బదులు అవ్వకు చీర కొన్నచో, తుపాకి ఆట పోవును, కాలిన వ్రేళ్ళును పోవును. రహమత్ చొక్కాలో ఛాయాచిత్ర మున్నచో, ఆ చిన్నచేతి స్పర్శ పోవును. ఈ మూడింటికి పిల్లవాడు తన మాటలలో సమాధానము చెప్పిన పిమ్మటనే 'ప్రతీక' యను పదము వాని చెవిని వేయవలెను. పేరు తెలియకముందే వానికి విషయము తెలిసియుండును.

మూలభావమును గూడ ఒక్క పదమున గాక ఒక పూర్ణవాక్యమున చెప్పింపవలెను. 'త్యాగము', 'దేశభక్తి', 'మానవత' అను పదములు ఏ కథకైనను అంటుకొనును. ఆ కథకు మాత్రమే చెల్లు వాక్యమును చెప్పగలిగినప్పుడు పిల్లవాడు దానిని చదివినట్లు లెక్క. ఇద్దరు పిల్లలు రెండు వేరు వాక్యములు చెప్పినచో, ఇరువురును కథలోని మాటలను చూపి సమర్థించుకొనవలెను. కథలో ఆధారము లేనిదానిని విడిచిపెట్టవలెను. బడిలో సమయము చాలక, పరీక్ష తొందరవలన జరుగని ఈ పని, ఇంట భోజనానంతరము అరగంటలో జరుగును.

విష్ణుశర్మకు ఆరు మాసముల గడువుండెను. ఆయన శిష్యులకు రాజ్యము నడపు నేర్పు గావలసియుండెను. నేటి పిల్లలకు గావలసినది సాటి మనుష్యుని కష్టమును చిన్న గురుతులలో గుర్తింపగల చూపు. మసిచేతి కాగితమును చూచి ఒక తండ్రిని, గడియ లేని తలుపును చూచి ఒక భార్యను గుర్తింప నేర్చినవాడు, రేపు తన బల్లమీదికి వచ్చిన అర్జీలో గూడ మనుష్యుని గుర్తించును. ఆ నేర్పు సూత్రములను వల్లించుటవలన రాదు. వెలుతురు కోరువారు ముందు దీపమును చూచుకొనవలెను. కథ నేర్పదలచినవారు ముందు కథను చదువవలెను, చదివింపవలెను.